ఎద్దులు లేని ఇంటికి ఎద్దుల బేరం

మా లేఅవుట్లో ఇప్పుడు దొంగల కంటే దొంగల వార్తలే ఎక్కువ. హోసూరు బయట, కెలవరపల్లి దారిలో ఉన్న మా నాలుగు వీధులకూ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున లేస్తే ఎవరో ఒకరు అందులో ఫోటో పెట్టి, ఈ మనిషి ఎవరు, మన వీధిలో రెండుసార్లు తిరిగినాడు అని అడుగుతారు. కొందరు భయపడతారు, కొందరు పోలీసులకు ఫోన్ చేయమంటారు, చివరికి ఆయన గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషని తేలుతుంది. పోయిన నెలలో ఒక సీసీటీవీ ముక్క వచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక ఆడమనిషి పక్కింటి కాంపౌండు దగ్గర నిలబడి, అటూ ఇటూ చూసి, చేయి లోపలికి పెడుతోంది. అందరూ జాగ్రత్తగా ఉండాలని చాలామంది రాశారు. నేనూ రాశాను. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూస్తే ఆ మనిషిని నేనే. తలస్నానం చేసి కరివేపాకు కోసుకోవడానికి పోయినప్పటిది. ఆ విషయం గ్రూపులో ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆ వీడియో పుణ్యమో ఏమో, మొన్న బుధవారం పోలీసులు ఇల్లిల్లూ తిరిగి జాగ్రత్తలు చెప్పడానికి వచ్చారు. మా ఇంటికి వచ్చింది ఒక చిన్న వయసు మహిళా కానిస్టేబులు. ఎండకు ముఖం ఎర్రబడి ఉంది. చేతిలో కరపత్రాల కట్ట. ఊరికి పోయేటప్పుడు స్టేషన్లో చెప్పి పోండి, ఫోన్లో ఎవరు అడిగినా ఓటీపీ చెప్పవద్దు, తెలియని మనిషి తలుపు తడితే గుర్తింపు కార్డు చూడకుండా తీయవద్దు అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్న మా రత్నత్త అంతా శ్రద్ధగా విని, చేయి చాచింది. "నీ కార్డు ఏదమ్మా?" అంది. యూనిఫారంలో ఉన్న పోలీసును కార్డు అడిగిన మొదటి మనిషి మా అత్తే అయి ఉండాలి. ఆ పిల్ల నవ్వి, మెడలోనిది తీసి ఇచ్చింది. అత్త దాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి, ఫోటో చూసి, మనిషిని చూసి, మళ్ళీ ఫోటో చూసింది. అంతలో ఆ పిల్లకు ఫోన్ వచ్చింది. "వస్తాండాను సార్, ఈ వీధిలోనే ఉండాను సార్" అంటూ హడావుడిగా ఎదురింటికి నడిచింది.

"మన ఏట్టయ్య చెప్పిన మాటలే కదే ఈ పిల్లా చెప్తాంది" అంది అత్త, చిక్కుళ్ళ వైపు తిరిగి. ఆ ఒక్క మాటతో నాకు సూళగిరి పక్కన మా అవ్వ ఇల్లు, రాగిసంగటి వాసన, పశువుల కొట్టంలో ఇరుక్కుపోయిన ముగ్గురు తెల్లబట్టల మనుషులు అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి.

మా నాయన కృష్ణగిరిలో ఉద్యోగం చేసేవాడు. అక్కడ అద్దె ఇల్లు అగ్గిపెట్టంత ఉండేదని నన్ను తెచ్చి అవ్వ దగ్గర వదిలారు. ఇంట్లో తాత, అవ్వ, పెళ్ళి కావలసిన రత్నత్త, నేను. అవ్వ పొద్దు పొడవక ముందే లేచి, నడుముకు చెక్కుకున్న నస్యం డబ్బీ తీసి ఒక చిటికె పీల్చేది. ఆ తుమ్ములు వరసగా మూడు వినిపిస్తే మంచిరోజు, రెండే వస్తే ఆ పొద్దు ఏ కొత్త పనీ మొదలుపెట్టేది లేదు. మూడో తుమ్ము కోసం నోరు తెరుచుకుని తూర్పువైపు చూస్తూ చాలాసేపు నిలబడేది. తాత ఆ సమయంలో ఎదురు మాట్లాడేవాడు కాడు. వాకిలి నిండా పేడనీళ్ళ వాసన, లోపల ఉలవలు ఉడికే వాసన, అత్త జడనుంచి ఆముదం వాసన. ఈ మూడూ కలిస్తే మా ఇల్లు.

మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివేది తమిళం, సంతకు పోతే కన్నడం. అందుకని ఇంట్లో కాగితం మీద ఏది వచ్చినా చదివి చెప్పే పని నాది. అప్పుడు నేను ఐదో తరగతి. హెడ్ కానిస్టేబులును మావైపు ఏట్టయ్య అంటారు. సూళగిరి ఏట్టయ్య పెద్ద పొట్టతో, చిన్న సైకిలు మీద, ఒకరోజు మా ఊరికి వచ్చి పాల సొసైటీ గోడకు ఒక తమిళ నోటీసు అంటించాడు. చుట్టుపక్కల ఊళ్ళలో పశువులు పోతున్నాయట. దొంగలు దొంగల మాదిరి రారట. తెల్లబట్టలు వేసుకుని, టెంపోలో దిగి, పశువులు కొంటామని అడుగుతారట. ఇంట్లో పెద్దవాళ్ళు లేని సమయం చూసుకుంటారట. అట్లాంటివాళ్ళు వస్తే గొడవ పెట్టుకోకుండా మాటల్లో పెట్టి కూర్చోబెట్టాలి, పేరూ ఊరూ అడగాలి, గుర్తింపు కార్డు చూడాలి, స్టేషనుకు కబురు చేయాలి.

అవ్వ నాచేత ఆ నోటీసును నోటుబుక్కు కాగితం మీద రాయించుకుంది. సర్కారు మాట కదా అని దాన్ని దేవుని పటం పక్కన గోడకు అంటించి, నాలుగు మూలలా కుంకుమ పెట్టింది. రోజూ సంగటి తినే ముందు నేను దాన్ని గట్టిగా చదివి, తెలుగులో చెప్పాలి. తాత పళ్ళెం ముందు కూర్చుని, ఈ దొంగలేమో గాని సంగటి చల్లారిపోతాంది అని గొణిగేవాడు. అప్పటికి మా కొట్టంలో ఉండింది ఒక ఎనుము, అంటే గేదె, దాని దూడ. ఎద్దుల్ని ముందటి ఎండాకాలమే అమ్మేశాడు తాత. అయినా అవ్వ ఎనుము కొమ్ముకు ఒక గంట కట్టింది, ఎత్తుకుపోతే వినిపిస్తుందని. అది రోజంతా తల విదిలించి గంట వాయించేది. రెండు రోజులకు ఇంటిల్లిపాదికీ తలనొప్పి వచ్చి దాన్ని తీసేశారు.

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. పెళ్ళిచూపులకు మొదటిసారి వచ్చేవాళ్ళు మా ఇళ్ళలో ఆ మాట నోటితో అనరు. ఎద్దుల్ని చూడటానికి వచ్చామంటారు. ఇంటివాళ్ళు కూడా ఏమీ తెలియనట్టు కొట్టంలోకి తీసుకుపోయి చూపిస్తారు. వాళ్ళు ఎద్దు వీపు తట్టి, పళ్ళు చూసి, నాలుగు మాటలు చెబుతారు. ఈలోగా పిల్ల నీళ్ళు తెచ్చి ఇస్తుంది. అంతే చూడటం. నచ్చితే వారంలో మనిషి వస్తాడు. నచ్చకపోతే ఎద్దుల బేరం కుదరలేదని ఊరు అనుకుంటుంది, పిల్ల పేరు ఎవరి నోటా నలగదు. చిన్నప్పుడు నాకు ఇది పెద్దవాళ్ళ పిచ్చి ఆటగా కనిపించేది.

రత్నత్తను అప్పటికే మూడు కుటుంబాలు అట్లా చూసి పోయాయి. ముగ్గురూ "మేమే కబురు పెడతాములే" అన్నారు. ముగ్గురూ పెట్టలేదు. అత్త పొడుగు, మాట కొంచెం కరుకు. మూడోవాళ్ళు పోయిన నాడు అవ్వ తేల్చి చెప్పింది. ఈసారీ కుదరకపోతే తన తమ్ముడు మునియప్పకే ఇచ్చేస్తుంది. మేనమామ కాబట్టి ఎవరూ కాదనరు. మునియప్ప తాత చెడ్డవాడు కాడు. కానీ భార్య పోయినవాడు, అత్త కంటే ఇరవై ఏళ్ళు పెద్ద, మా తిన్నె మీద పడుకుని గురక పెడితే కోళ్ళు పక్కింటికి వలసపోయేవి. అత్త ఆ మాట విని, ఆ పొద్దు రోకలి పట్టుకుని, ఇంట్లో ఉన్న కారమంతా దంచేసింది. సాయంత్రానికి వీధి వీధంతా తుమ్మింది. అవ్వ ఒక్కతే దాన్ని శుభం అనుకుంది.

నాలుగోవాళ్ళు మత్తూరు వైపునుంచి వస్తారని తాతకు, అవ్వకు మాత్రమే తెలుసు. ముందు చెప్తే దిష్టి తగులుతుందని అవ్వ ఈసారి అత్తకు కూడా చెప్పలేదు. వాళ్ళు సాయంత్రం బస్సుకు రావాలి. అందుకని పొద్దున్నే పూలూ పండ్లూ తేవడానికి ఇద్దరూ సూళగిరి పోయారు. కానీ మత్తూరువాళ్ళకు దారిలో టమాటాల టెంపో ఒకటి దొరికింది. పదకొండు గంటలకంతా మా వాకిట్లో దిగారు. ముగ్గురు. పెళ్ళికొడుకు, అతని నాయన, మేనమామ. ముగ్గురివీ తెల్లబట్టలు. బడి లేని రోజు కాబట్టి నేను తిన్నె మీద అచ్చంగిల్లాలు ఆడుకుంటున్నాను. టెంపోను చూడగానే నోటీసు మొత్తం నా కళ్ళముందు తిరిగింది.

పెళ్ళికొడుకు నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "ఇంట్లో పెద్దవాళ్ళు లేరా పాపా?" అన్నాడు. అచ్చంగా నోటీసులో ఉన్న మాటే. నేను లోపలికి పరుగెత్తాను. అత్త సంగటి కెలుకుతోంది. తెడ్డు చేత్తోనే బయటికి వచ్చింది.

"ఏం పనిమీద వచ్చినారు?"

"ఎద్దుల్ని చూసి పోదామని వచ్చినామమ్మా."

ఎద్దులు లేని ఇంటికి ఎద్దుల బేరం వచ్చింది. పెద్దవాళ్ళు లేని పూట పిల్లను చూడటానికి ఎవరూ రారు. అత్త నా వైపు ఒక చూపు చూసింది. తర్వాత ఇంత తియ్యటి గొంతు ఈమెకు ఎక్కడిదా అని నేను ఆశ్చర్యపోయేలా, "రండప్పా, కొట్టంలో ఉండాయి, చూస్తా ఉండండి, నీళ్ళు తెస్తాను" అంది. ముగ్గురూ వంగి కొట్టంలోకి పోయారు. అత్త బయట గడియ పెట్టింది. మాటల్లో పెట్టి కూర్చోబెట్టమన్న సర్కారు మాట అక్షరాలా పాటించినట్టే.

నేను పెరటి దారిన పోయి గొర్రెల తిమ్మప్పకు చెప్పాను. తిమ్మప్ప పాల సొసైటీకి పోయి అక్కడి ఫోన్లోంచి స్టేషనుకు చెప్పించాడు. దారి పొడుగునా అందరికీ చెప్పుకుంటూ రావడంతో ఊరంతా మా వాకిట్లోకి వచ్చింది. తిమ్మప్ప గొర్రెల్ని వదిలి ఉండలేడు కాబట్టి అవీ వచ్చి, టెంపో కదలకుండా అడ్డం నిలబడ్డాయి. నేను గోడమీది కాగితం పీకి తెచ్చాను. అత్త కొట్టం కిటికీ దగ్గర నిలబడి, నేను చదివిన వరసలో అడగడం మొదలుపెట్టింది.

"ఏ ఊరు?"

"మత్తూరు పక్కన." పెళ్ళికొడుకు నాయన ఇంకా ఇదంతా మర్యాదలో భాగమే అనుకుంటున్నాడు. ఆచారం తప్పకూడదని, ఎదురుగా ఉన్న ఎనుము వీపు తట్టి, "ఎద్దు బాగుండాదమ్మా, బాగా దున్నుతాదేమో" అన్నాడు. ఆ ఎనుము అప్పుడే తన దూడకు పాలిస్తోంది. వాకిట్లో ఊరంతా విన్నది. ఎనుముకూ ఎద్దుకూ తేడా తెలియనివాడు కొనేదానికి రాలేదని తిమ్మప్ప తీర్మానం చేశాడు.

"గుర్తింపు కార్డు ఉందా?" అంది అత్త.

పెద్దవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెళ్ళికొడుకు జేబులోంచి ఒక కార్డు తీసి కిటికీ చువ్వల మధ్యనుంచి అందించాడు. హోసూరులో ఒక కంపెనీది. అత్త దాన్ని చాలాసేపు చూసింది.

"ఈ ఫోటోలో మీసం ఉండాది. నీకు లేదే."

"తీసేసినాను."

"ఎప్పుడు?"

"ఈ పొద్దే."

"ఎందుకు?"

అతను తల వంచుకుని దూడ చెవి నిమురుతూ ఉండిపోయాడు. అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.  తర్వాతి ప్రశ్న చదవనా అని నేను రెండుసార్లు కొంగు లాగినా అత్త కార్డులోంచి తల ఎత్తలేదు.

ఏట్టయ్య ఇంకో గంటకు వచ్చాడు. చెమటతో తడిసిపోయి, సైకిలు దిగకముందే నోటుబుక్కు తీశాడు. నోటీసు అంటించినాక దొరికిన మొదటి దొంగలు. ముగ్గురినీ వాకిట్లో వరసగా నిలబెట్టాడు. గొర్రెలు కూడా వాళ్ళ వెనక వరసగా నిలబడ్డాయి.

"నిజం చెప్పప్పా. ఏం పనిమీద వచ్చినావు?"

"ఎద్దుల్ని చూసేదానికి సార్."

"ఈ ఇంట్లో ఎద్దులే లేవు కదప్పా."

పెళ్ళికొడుకు నాయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "లేకపోయినా చూసేదానికే సార్."

ఏట్టయ్య బెదిరించాడు, బుజ్జగించాడు, స్టేషనుకు తీసుకుపోతానన్నాడు. ఆ పెద్దమనిషి ఎద్దులు తప్ప ఇంకో మాట అనలేదు. ఆయన మొండితనం చూసి ఆ రోజు నేను తెగ నవ్వుకున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత, నాకు ఆడపిల్ల పుట్టిన తర్వాత, ఆయన ఎందుకు చెప్పలేదో అర్థమైంది. ఊరందరి ముందు పిల్లను చూడటానికి వచ్చామని అంటే, ఈ గొడవలో ఎట్లాగూ పెళ్ళి కుదరదు, నలిగేది ఆ పిల్ల పేరు. ముక్కూ ముఖం తెలియని పిల్ల కోసం ఆయన పశువుల దొంగ అనిపించుకోవడానికి కూడా సిద్ధపడి నిలబడ్డాడు. అది తెలిసినప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

ముగ్గురినీ అదే టెంపో ఎక్కించమని ఏట్టయ్య చెప్పేసరికి పెళ్ళికొడుకు నోరు తెరిచాడు.

"సార్, ఎద్దులు లేవు గిద్దులు లేవు. మేం వచ్చింది పిల్లను చూసేదానికి."

 అతని నాయన తువ్వాలు ముఖం మీద కప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే చేతిలో అరటిపండ్లు, మల్లెపూలతో అవ్వ, వెనక తాత వీధి మలుపు తిరిగారు. అవ్వ టెంపోను చూసింది, ఏట్టయ్యను చూసింది, అత్త చేతిలో తెడ్డును చూసింది. చేతిలోని పండ్లు కింద పడ్డాయి. వాటి సంగతి గొర్రెలు చూసుకున్నాయి.

తాత ఎంత బతిమాలినా వాళ్ళు భోజనానికి ఆగలేదు. పెళ్ళికొడుకు నాయన మర్యాదగానే చేతులు జోడించి, "మేమే కబురు పెడతాములేప్పా" అన్నాడు. ఆ మాట వినగానే అవ్వ తిన్నె మీద కూలబడింది. టెంపో దుమ్ము అణగకముందే, రేపే మా తమ్మునికి చెప్పి పంపిస్తాను అని ఏడవడం మొదలుపెట్టింది. కాగితం చదివింది నేనే కాబట్టి అత్త బతుకు నావల్లే పోయిందని నేనూ ఏడ్చాను. ఏట్టయ్య అటూ ఇటూ చూసి, నోటుబుక్కులో రాసిన పేజీ చింపి జేబులో పెట్టుకుని, ఒక చెంబు మజ్జిగ తాగి పోయాడు. ఏడవనిది అత్త ఒక్కతే. కాళ్ళూ చేతులూ కడుక్కుని, చల్లారిన సంగటి రెండు ముద్దలు తినింది. మనసు గడ్డకట్టుకుపోయిందనుకున్నాను.

మరునాడు పొద్దున అవ్వకు రెండు తుమ్ములే వచ్చాయి. మూడోదాని కోసం వాకిట్లో నోరు తెరుచుకుని నిలబడి ఉండగా, సైకిలు మీద ఆ పెళ్ళికొడుకు వచ్చి దిగాడు. ఒంటరిగా. అవ్వ తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది.

"నా కార్డు ఈడ ఉండిపోయినాది. అది లేకుంటే కంపెనీ గేటు దగ్గర లోపలికి పంపియ్యరు" అన్నాడు.

అత్త వాకిలి దగ్గరికి వచ్చింది. పచ్చ చీర కట్టుకుని ఉంది. ఎవరూ కట్టుకోమని చెప్పలేదు. "కార్డా? యాడ పెట్టినానో ఏమో. వెతుకుతాను, నువ్వు ముందు కూర్చో" అంది.

కార్డు వెతకడానికి రెండు గంటలు పట్టింది. అత్త బియ్యం డబ్బాలో చూసింది, మంచం కింద చూసింది, ఎనుము దగ్గర గడ్డిలో కూడా చూసింది. ఈలోగా అతను వేడిసంగటి, ఉలవచారు తిన్నాడు. తాతతో కంపెనీ సంగతులు మాట్లాడాడు. తిమ్మప్ప వచ్చి, ఎనుమును ఎట్లా గుర్తుపట్టాలో చెప్పి పోయాడు. అత్తతో పాటు నేనూ ఇల్లంతా వెతికాను. దేవుని పటం వెనక వెతుకుతుంటే అత్త కొంగు చివర గట్టిగా కట్టిన ముడి ఒకటి నా చేతికి తగిలింది. లోపల ఏదో పలకలా గట్టిగా ఉంది. నేను తలెత్తి చూశాను. అత్త వేలు నోటిమీద పెట్టుకుంది. నా బతుకులో నేను దాచిన మొదటి పెద్ద రహస్యం అదే.

అతని నాయన మెత్తబడటానికి ఇంకో నెల పట్టింది. పెళ్ళికి ఏట్టయ్య యూనిఫారంలో వచ్చి, ఈ సంబంధం నేను కుదిర్చిందే అని అందరికీ చెప్పుకుని, మూడు విస్తళ్ళు ఖాళీ చేశాడు. మునియప్ప తాత పెళ్ళి పందిట్లోనే పడుకుని గురకపెట్టాడు. శీనప్ప మామయ్య, అదే ఆ పెళ్ళికొడుకు, మళ్ళీ మీసం పెంచాడు. ఎవరింటికి పోయినా పశువుల కొట్టం దగ్గర ఆగి, ఎనుమును చూపించి "ఎద్దు బాగుండాది" అనేవాడు. అత్త ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు నవ్వేది. ఆయన పోయి ఏడాదైంది. పిల్లలు లేరు. నేనే అత్తను తెచ్చి నా దగ్గర పెట్టుకున్నాను. ఆయన లేని నవ్వు ఎట్లా ఉంటుందో నేను రోజూ చూస్తున్నాను, నాకు బాధగా ఉంటుంది.

మా ఇంటికి మనుషులు రాకపోరు. కూరగాయలు తెచ్చేవాడు, కొరియరువాడు, కరెంటు రీడింగువాడు, అందరి మెడల్లోనూ కార్డులు వేలాడుతుంటాయి. గేటు దగ్గరే పెట్టి, ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. "వీళ్ళకు కూర్చునే పనే ఉండదా?" అని అత్త అడుగుతుంది. వాళ్ళకు టైం ఉండదు అత్తా అంటాను. అప్పుడు మాకు కార్డులు లేవు, వచ్చినవాణ్ణి కూర్చోబెట్టేవాళ్ళం, అనుమానం వచ్చినా సరే. ఇప్పుడు నేను పక్కింటి కరివేపాకు కొమ్మ దగ్గర నిలబడినా కెమెరా చూస్తుంది, ఎదురింటావిడ మాత్రం ఒక్కసారీ చూడలేదు.

ఆ బుధవారం పోలీసు పిల్ల వెళ్ళిపోయాక అత్త చిక్కుళ్ళు పక్కన పెట్టి వంటింట్లోకి పోయింది. పాలు పొయ్యిమీద పెట్టిన చప్పుడు. నేను పదిగంటల తర్వాత కాఫీ తాగనని ఆమెకు తెలుసు. అయినా చూస్తే మూడు గ్లాసులు కడిగి పెట్టి ఉన్నాయి. మామయ్య కూర్చునే కుర్చీ మీది బట్టలు తీసి మంచం మీద వేసింది. ఎవరైనా వస్తున్నారా అంటే వినిపించనట్టు చక్కెర డబ్బా మూత తీసింది.

అరగంటకు గేటు చప్పుడైంది. ఆ పిల్లే. ఒక చేత్తో మెడ తడుముకుంటూ, "అమ్మా, నా కార్డు ఈడ గాని మరిచిపోయినానా? అది లేకుంటే మా సార్ ఊరుకోడు" అంది.

అత్త కుర్చీని ఫ్యాను కిందికి జరిపింది. "కార్డా? యాడ పెట్టినానో ఏమో తల్లీ. వెతుకుతాను, నువ్వు ముందు కూర్చో."

ఆమె కొంగు చివర ముడి నాకు కనిపిస్తూనే ఉంది. నేను వంటింట్లోకి పోయి మూడు గ్లాసుల్లోనూ కాఫీ పోశాను.